ఎడమ స్పీకరు మీద పసుపు బొట్టు

వుడ్‌స్టాక్ దగ్గర, హైవే పక్క సర్వీస్ సెంటర్‌లో కాఫీ కోసం వరసలో నిలబడి ఉండగా, దమయంతి చెవిని ఎవరో పట్టుకుని వెనక్కి తిప్పినట్టయింది.

"నడి రోడ్డు మీద దింపి పోయిండే! కిచెనర్ అంటే పక్కకు తిరగాలంట, వాని టైమ్ వేస్ట్ అయితదంట. నేనేమన్న పార్సిల్‌నా, దార్ల ఇసిరేసి పోనీకి?"

పెద్ద సూట్‌కేసు మీద కూర్చుని ఒక అమ్మాయి ఫోన్లో ఎవరికో మొర పెట్టుకుంటోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చేతులు రెండూ చంకల్లో దాచుకుంది. ఆ నవంబరు చలికి ఆమె వేసుకున్నది కోటు కాదు, కోటు బొమ్మ.

కెనడాలో, ఒంటారియో రోడ్ల మీద తెలుగు వినబడడం ఒకప్పుడు లాటరీ తగలడం లాంటిది. దమయంతి సార్నియాకు కాపురం వచ్చిన కొత్తలో, కూరగాయల కొట్లో ఎవరో "అయ్యో" అంటే వెంటపడి మరీ ఊరు అడిగింది. తీరా చూస్తే ఆవిడ మలయాళీ. 2022 వచ్చేసరికి ఆ బెంగ తీరిపోయింది. మనుషులు ఒక్కో కాలంలో ఒక్కోదాని వెంట నడుస్తారు: ఉప్పు వెంట, ఉన్ని వెంట, బంగారు గనుల వెంట. ఆ రెండు మూడేళ్ళూ అడ్మిషన్ లెటర్ వెంట నడిచారు. బస్సు కోసం నిలబడితే కాళ్ళు గడ్డకట్టే సార్నియాలో, ఫ్యాక్టరీ పొగ గొట్టాల కింద నుంచి, కరీంనగర్ పిల్లలూ ఒంగోలు పిల్లలూ గుంపులుగా కాలేజీకి పోతుంటే, చలిదేశంలో ఏదో కోచింగ్ సెంటర్ వదిలినట్టుండేది.

"ఎక్కడికమ్మా నువ్వు?" అంది దమయంతి, కాఫీ రెండు చెప్పి.

అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. "కిచెనర్ ఆంటీ. కో-ఆప్ అని, కాలేజీ తరఫు జాబ్ ఆడ వచ్చింది. రూమ్ చూడనీకి పోతున్న. కార్‌పూల్ వాడు..."

"విన్నాలే. ఇక్కడున్నవాళ్ళందరూ విన్నారు. నేనూ అటే, ఎక్కు."

"చార్జ్ ఎంత ఆంటీ?"

"కబుర్లు చెప్తే ఫ్రీ. మూగనోము పడితే డబుల్."

పేరు కావ్యశ్రీ. కారెక్కిన పది నిమిషాలకే హీటరు ముందు చేతులు కాచుకుంటూ, తన కబుర్లు అవగొట్టి దమయంతి కబుర్ల మీద పడింది. "మీరేం పని మీద పోతున్నరు ఆంటీ?"

"స్పీకర్లు చూడ్డానికి."

"టీవీకా?"

"పాటకి."

"పాటకి ఫోన్ ఉండె గద!"

దమయంతి నవ్వింది. సంవత్సరంగా ఆమెను అందరూ అడుగుతున్న ప్రశ్న అదే, అడిగే భాషే వేరు. కొడుకు బన్నీ కాల్గరీ నుంచి, "మామ్, జస్ట్ గెట్ ఎ సౌండ్‌బార్" అన్నాడు. కొనుక్కుంది కూడా. సార్నియా ఆడవాళ్ళు మరీ అన్యాయం. అత్తగారు పెట్టిన వడ్డాణం అమ్మి ఎవరిదో వాడేసిన స్పీకర్లూ, ఆంప్లిఫయరూ కొంటుందట అని తెలిసినప్పటి నుంచి, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో పులిహోర గిన్నె చుట్టూ ఆమె ముచ్చటే. "స్పీకర్లు నడుముకి కట్టుకుని పెళ్ళికి వెళ్తావా దమయంతీ?" అని ఒకావిడ. "బంగారమైతే ఎప్పుడైనా బంగారమే" అని ఇంకొకావిడ.

బంగారమంటే దమయంతికి పగేం లేదు. అయితే ఆ వడ్డాణం పెళ్ళినాడు ఒక పూట నడుముకి ఎక్కింది. ఆ తర్వాత నడుము పెరిగింది, వడ్డాణం పెరగలేదు. కొన్నప్పుడు తరుగు పోయింది, అమ్మినప్పుడు ఇంకో తరుగు పోయింది. ఆ రెండు తరుగుల మధ్య అది లాకరులో మాట్లాడకుండా పడుంది. అత్తగారు ఉంటే ఏమనేదో గాని, భర్త అనంత్ మాత్రం, "నీ నడుము, నీ చెవి. మధ్యలో నేనెవణ్ణి?" అని అటు తిరిగి పడుకున్నాడు.

అసలు చిక్కంతా ఆయన పడుకోవడంతోనే. అనంత్ పెట్రోకెమికల్ ప్లాంటులో షిఫ్టులు చేస్తాడు. దమయంతి నర్సింగ్ హోమ్ వంటింట్లో పొద్దుటి డ్యూటీ. ఆమెకు తీరిక దొరికే మధ్యాహ్నం ఆయనకి అర్ధరాత్రి. ఇంటి గోడలు అట్టముక్కలు. పాట పెడితే మెల్లగా పెట్టాలి. మెల్లగా పెడితే ఆ సౌండ్‌బార్ చచ్చిన చేపలా నోరు తెరుస్తుంది. వీణ పోయి టింగుమనే చప్పుడు మిగులుతుంది, మాట పోయి ఉస్సు మిగులుతుంది. అలా రెండేళ్ళుగా సొంత ఇంట్లో పాట మానేసింది.

"మా నాన్నది మైక్ సెట్ షాపు," అంది దమయంతి, ఇంటి సంగతంతా చెప్పాక. "తణుకు అవతల. వీరభద్రం సౌండ్ సర్వీస్ అంటే నాలుగూళ్ళకి తెలుసు. పెళ్ళిళ్ళకి, ఓణీల ఫంక్షన్లకి, ఎలక్షన్లకి మా హారన్లే. ఆయన లెక్క ఒకటే, సౌండు కాలవ దాటాలి. అవతలి గట్టు మీద గేదెలు కాసేవాడు తల తిప్పితేనే డబ్బు తీసుకునేవాడు."

"మరి మీకు తిప్పేటోళ్ళు ఒద్దు, పండుకునేటోళ్ళు కావాలె."

"అదీ! నీకు అర్థమైంది. మా అబ్బాయికి ఇంకా అవలేదు."

కిచెనర్‌లో దిగాక కావ్యశ్రీ ఫోన్లో అడ్రసు తీసి, తనను బస్టాపులో దింపమంది. దమయంతి ఆ అడ్రసు వంక ఒకసారి, తన ఫోన్లో ఉన్న అడ్రసు వంక ఒకసారి చూసింది.

"ఇదేంటే? నువ్వూ కోటేశ్వరరావు గారింటికేనా?"

"ఆంటీ పేరు శాంతమ్మ అని చెప్పిన్రు. బేస్‌మెంట్ రూమ్."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఒకే గది ఒకరికి ఖాళీ అవుతోంది, అందుకని అందులో ఉన్నవి ఇంకొకరికి అమ్ముడవుతున్నాయి. తీర్థానికీ వెళ్ళినట్టు, తిరణాలకీ వెళ్ళినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు.

తలుపు తీసిన శాంతమ్మ ఇద్దర్నీ ఒకేసారి చూసి, "స్పీకర్లెవరు, గదెవరు?" అని అడిగింది. చెప్పాక ఇద్దర్నీ ముందు వంటింట్లోకి లాగి ఉప్మా పెట్టింది. గుంటూరు మనిషి. ఉప్మాలో పచ్చిమిరపకాయలు మనిషిని పలకరించేలా ఉన్నాయి.

"పిల్లలు గదుల్లేక ఒకే రూములో ఎనిమిదేసి మంది పడుకుంటున్నారమ్మా," అంది శాంతమ్మ, కావ్యశ్రీ పళ్ళెంలో ఇంకో గరిటె వేస్తూ. "గుళ్ళో కనపడిన పిల్లనల్లా అడిగితే ఇదే కథ. మా ఇంట్లో మాత్రం పెట్టెలకి కార్పెట్ వేసిన గది. ఈయనతో చెప్పేశాను, ఆ పెట్టెలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అని."

"పైన హాల్లో పెట్టుకోవచ్చుగా వదినగారూ?" అంది దమయంతి. అన్నాక, తన బేరం తనే చెడగొట్టుకుంటున్నట్టు నాలుక కరుచుకుంది.

"పైనా! కింద మోగితేనే పైన నా గిన్నెలు అదురుతాయి. పైన మోగితే గిన్నెలు నా నెత్తిన పడతాయి."

కోటేశ్వరరావు కింద గదిలో ఎదురుచూస్తున్నాడు. హైదరాబాదులో కంప్యూటర్లు, డల్లాస్‌లో కంప్యూటర్లు, కిచెనర్‌లో కంప్యూటర్లు. ఊళ్ళు మారినా ఆయనతో మారకుండా వచ్చినవి ఈ పెట్టెలు. గదిలోకి అడుగు పెట్టగానే దమయంతి అలవాటు కొద్దీ బూట్లు విడవబోయి, అవి తలుపు దగ్గరే విడిచానని గుర్తొచ్చి ఆగింది. గది అలా ఉంది మరి. ఎదురుగా నిలువెత్తు నల్లచెక్క పెట్టెలు రెండు, ద్వారపాలకుల్లా. మధ్యలో ఆంప్లిఫయరు. దాని ముందు ఒకే ఒక్క కుర్చీ.

"ఒక్కటేనా?" అంది దమయంతి.

"సరైన చోటు ఒక్కటే ఉంటుందమ్మా," అన్నాడాయన. "ఫోన్లో చెప్పాను కదా, మాటంటే మాటే. ధర మనం అనుకున్నదే. బయానా చేతిలో పడితే ఇవి మీవి. వెనక్కి తిరిగి చూడను." గొంతు గట్టిగానే ఉంది గాని, చేయి పెట్టె మీద నుంచి తీయలేదు.

దమయంతి సంచిలో బయానా కవరుంది. తాను కొనడానికి రాలేదనీ, వినడానికి వచ్చాననీ దారంతా తనకు తానే చెప్పుకుంది. కొనేదాన్నయితే అనంత్ వ్యాను తెచ్చుకునేదాన్ని కదా అని. కవరు మాత్రం తెచ్చుకుంది.

"ఎంత బరువుంటుందండీ?" అని అడిగింది ఆంప్లిఫయరు చూపించి, కంసాలిని అడిగినట్టు.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అదీ ప్రశ్న! ఇద్దరు పట్టాలి. బరువు లేని ఆంప్లిఫయరు ఆంప్లిఫయరే కాదు."

ఆమె దగ్గరికి వెళ్ళి, కుండ కొనేటప్పుడు చూసినట్టు, పెట్టెను వేళ్ళతో ఠక్ ఠక్‌మని కొట్టి చూసింది.

"అయ్యయ్యో, అది కొబ్బరికాయ కాదమ్మా!"

"గట్టిగానే ఉంది లెండి," అంది దమయంతి.

ఆ తర్వాత ఆయన పెట్టె ముందున్న గుడ్డ తీసి, నిజాయితీపరుడు కనుక, లోపం చూపించాడు. ఎడమ స్పీకరు లోపలి కాగితం గిన్నె నట్టనడుమ ఒక పసుపు బొట్టు. మధ్యలో కుంకుమ ఛాయ కూడా.

ఎప్పుడో ఒక దసరాకి ఆయన ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. శాంతమ్మ ఆయుధపూజ చేసింది. కారుకి పెట్టింది, మిక్సీకి పెట్టింది, వాషింగ్ మెషిన్‌కి పెట్టింది. మొగుడు ప్రాణంగా చూసుకునే వాటికి పెట్టకపోతే ఎలా అని తడి పసుపు తీసుకుని కిందికి దిగింది. ఒకదానికి పెట్టాక ఫోను మోగింది. ఆ ఫోనే రెండోదాన్ని కాపాడింది.

"ఆ రోజు నుంచి ఎడమది కాస్త మసకగా పలుకుతుందమ్మా," అన్నాడు కోటేశ్వరరావు, ఇంట్లో జబ్బుమనిషి సంగతి చెప్పినట్టు. "ఇంతకు ముందు చూసిన ఇద్దరూ ఆ మరకేంటని అడిగి వెళ్ళిపోయారు. మామూలు చెవికి తెలీదు. నాకు తెలుస్తుంది."

"ఎనిమిదేళ్ళుగా ఇదే పాట!" పై నుంచి శాంతమ్మ కేక. "ఆ పెట్టె పాడిన పాటలకన్నా ఈయన పాడిన ఈ పాటే ఎక్కువ!"

కావ్యశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంచం ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి ఆమె గోడ వెంట జానలు కొలుస్తోంది.

"అంకుల్, నిజం చెప్పుండ్రి. గంత పైసలు పెట్టినందుకు గంత తేడా ఉంటదా?"

కోటేశ్వరరావు కోప్పడలేదు. కుర్చీ చేతి మీద కూర్చుని ఆలోచించాడు. "మొదట పెట్టే కాస్త డబ్బుకి ఏనుగంత తేడా వస్తుందమ్మా. ఆఖర్న పోసే డబ్బుకి ఆవగింజంత. నేను జీతాలు జీతాలు పోసింది ఆ ఆవగింజకే."

"మరి ఆవగింజ దొరికిందా?"

"వెతకడం బాగుండేది," అన్నాడాయన.

తర్వాత నాగుపామంత లావున్న తీగ ఒకటి చూపించి, ఇదీ కలిపి తీసుకోవాలన్నాడు. దమయంతి చేతులు జోడించింది. "తీగ వద్దండి. తీగకి తరుగు ఇవ్వలేను. మా నాన్న అతుకుల తీగతో వంద పెళ్ళిళ్ళు చేశాడు." ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాకూ దాని మీద అంత నమ్మకం లేదు లెండి," అని తీగని మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

ఇక పాట. దమయంతిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముందుగా వేసింది డోళ్ళ రికార్డు. గది గదంతా ఒక్క ఉదుటున లేచింది.

"వామ్మో, నా పండ్లు కదులుతున్నై!" అంది కావ్యశ్రీ.

పైన గిన్నెలు మోగాయి. కోటేశ్వరరావు గర్వంగా చూశాడు. దమయంతి కదలలేదు. మోత సంగతి ఆమెకు పాలతో పాటు తాగించారు. పెళ్ళిపందిట్లో అందరూ అందంగానే ఉంటారు. గట్టిగా పెడితే ఏ డబ్బాయినా మొనగాడే.

"ఏదైనా ఆడగొంతు పెట్టండి, తెలుగులో. సౌండ్ తగ్గించండి."

పెట్టాడు. పాత పాట. ఒక తల్లి జోలలాగా మొదలవుతుంది.

"ఇంకా తగ్గించండి."

"ఇంకానా?"

"ఇంకా."

"అమ్మా, రేసు గుర్రాన్ని కొని దూడలా తోలతానంటున్నారు!"

"మా ఇంట్లో పగలే రాత్రి అన్నయ్యగారూ. ఇంకొంచెం."

ఆయన మూతి ముడుచుకుని, బొటనవేలితో ఆ గుండ్రటి మీటను తిప్పుకుంటూ పోయాడు. గోడ మీది గడియారం చప్పుడు పైకి తేలింది. కావ్యశ్రీ జానలు కొలవడం ఆపింది. ఇక ఏమీ మిగలదనుకున్న చోట, మిగిలింది.

గొంతు పల్చబడలేదు. చిన్నదైంది, అంతే. దూరంగా పోయిన మనిషిలా కాక, చెవి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పే మనిషిలా ఉంది. మాటకు ముందు ఊపిరి తెలుస్తోంది. వెనక వీణ తీగ మీటాక ఆరిపోయే దాకా ఉంది. మంద్రంలో నిలిచిన గొంతే గొంతు అని పాట నేర్పేవాళ్ళు అంటారు. మనుషులకు పెట్టే ఆ పరీక్ష పెట్టెలకు పెట్టాలని ఎవరికీ తోచదు.

దమయంతికి చిన్ననాటి మధ్యాహ్నపు ఎండ జ్ఞాపకం వచ్చింది. నాలుగూళ్ళకి పాట వినిపించే నాన్న వీరభద్రం, ఇంట్లో తను వినేటప్పుడు మాత్రం వాల్వుల రేడియోని గుసగుసలా పెట్టుకునేవాడు. అమ్మ నిద్ర చెడకూడదని. చిన్న దమయంతి చాప మీద ఆయన పక్కన పడుకుని ఆ గుసగుసలో ఒక్కొక్క మాట ఏరుకుంటూ నిద్రపోయేది. పెద్దయ్యాక ఎన్ని డబ్బాల్లో వెతికినా ఆ గుసగుస దొరకలేదు. చిన్నపిల్ల చెవి కల్పించుకున్నదేమో, అలాంటి సౌండు అసలు లేదేమో అన్న అనుమానం మొదలైంది. వడ్డాణం అమ్మింది స్పీకర్ల కోసమని ఊరంతా అనుకుంది. నిజానికి ఆ అనుమానం తీర్చుకోవడం కోసం.

ఉంది. అలాంటిది ఉంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. శాంతమ్మ చేతిలో గరిటెతో సగం మెట్లు దిగి నిలబడింది. "ఏంటి, బేరం అయిపోయిందా? ఆపేశారేం?"

"ఆపలేదు," అన్నాడు కోటేశ్వరరావు, గొంతు ఎత్తకుండా.

ఆవిడ తల పక్కకి వంచింది. కాసేపయ్యాక గరిటె ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. చరణం వచ్చింది. అందులో ఒకచోట గాయని గొంతు వణికీ వణకనట్టు ఆగి, మళ్ళీ సాగుతుంది.

"ఇంత మెల్లగా పాడిందా ఈవిడ?" అంది శాంతమ్మ. "ఇన్నేళ్ళూ నాకు ఈ పాటంటే గిన్నెల చప్పుడే."

కావ్యశ్రీ సూట్‌కేసుకి ఆనుకుని కార్పెట్ మీద జారగిలబడింది. దమయంతి ఎప్పుడో కుర్చీ లోంచి లేచి గోడకి చేరబడి నిలబడింది. ఆ చోట్లో కోటేశ్వరరావు కూర్చున్నాడు, తనకి తెలియకుండానే.

"మన ఎడమది ఎలా ఉంది?" అని అడిగింది శాంతమ్మ. "మసకేనా?"

"ఏ ఎడమది?" అన్నాడాయన కళ్ళు తెరవకుండా.

శాంతమ్మ నవ్వబోయి ఆపుకుంది. ఆయన ఇంకా కళ్ళు మూసుకునే, "శాంతా, ఈ మాత్రం సౌండుకైతే... పైన హాల్లో..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. ఆవిడ వద్దనలేదు. "హుష్. విననివ్వండి," అంది.

దమయంతి చేయి సంచిలో కవరు మీద ఉంది. ఒక్క అడుగు ముందుకేసి ఆయన చేతిలో పెడితే చాలు. మాటంటే మాటే అన్నాడు, నిలబెట్టుకునే రకం. పెట్టెలు సార్నియా వస్తాయి. అనంత్ నిద్రపోతుంటే పక్క గదిలో ఆ గొంతు మెల్లగా చెప్పుకుపోతుంది. ఆమెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. వేళ్ళు కవరు అంచుని రెండుసార్లు మడిచి విప్పాయి కూడా.

కానీ ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీకి చోటుంటుందని ఈ ఇంట్లో ఇవాళే తెలిసినట్టుంది. పోతే, తను వచ్చిన పని అయిపోయింది. ఉందో లేదో తెలియని దాని కోసం డబ్బు పోయడం ఒకటి, ఉందని చెవులారా విన్నాక పోయడం ఇంకొకటి. ఇక ఎవరేమన్నా ఆ డబ్బు దండగ కాదని ఆమెకు తెలుసు. పెట్టెలంటారా, ఒంటారియోలో ఇంటింటా బేస్‌మెంట్లు ఖాళీ అవుతున్న కాలమిది. ప్రతి గదిలోనూ ఒక పిల్ల లోపలికి, ఒక పిచ్చి బయటికి. స్పీకర్లకి కరువా? ఈసారి ఎవరింటికి వెళ్ళినా ఏం అడగాలో తెలుసు. తగ్గించండి, ఇంకా తగ్గించండి. అంతే.

ఆమె కవరుని సంచి అడుక్కి తోసి, మెట్లెక్కింది. శాంతమ్మ తల తిప్పకుండానే మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చింది.

తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే "వెళ్ళొస్తా" అన్న మాట నాలుక చివరికి వచ్చింది. చెప్పకుండా పోవడం మన ఇళ్ళల్లో మర్యాద కాదు. చెబితే మాత్రం ఆయన లేస్తాడు. పాట ఆగుతుంది. బేరం మళ్ళీ ఎత్తుకోవాలి. పెద్దమనిషి మాట నిలబెట్టుకుంటాడు. దమయంతి ఆ మాట మింగేసింది. తలుపుని గడియ చప్పుడు కాకుండా, నిద్రపోయే ఇంటి తలుపు మూయడం బాగా అలవాటైన చేత్తో, దగ్గరికి లాగింది.

బయట మంచు సన్నగా మొదలైంది. ఆమె మఫ్లరు చెవుల మీదికి లాక్కోబోయి, లాక్కోకుండా, వీధి చివర నిలిపిన కారు వైపు నడిచిపోయింది.